వాల్వు

కణత మీద చల్లటి జెల్ పూసి
పెన్సిలంత ప్రోబ్ ఆనిస్తాను.
స్పీకర్లో ఆమె రక్తం
తడి చీర జాడించినట్టు
హుష్... హుష్...

మెహజబీన్, లాడ్ బజార్.
ఇరవై ఏళ్లుగా బొగ్గుల కుంపటి ముందు
లక్క సాగదీసి గాజులు చుట్టిన చేతులు
ఇప్పుడు ఒళ్లో ఊరికే ఉన్నాయి.
కుడి కన్ను వెనక, రోజుకు పదిసార్లు
ఎవరో సూది కాల్చి పెడుతున్నారట.

ఇండోమెథాసిన్ మింగి గంటన్నర.
మళ్లీ వింటాను.
అదే నాళం, అదే కోణం.
చప్పుడు మాత్రం సన్నబడింది.
తెరమీది కొండలు గుట్టలయ్యాయి.

మా బోరబండలో నీళ్ల రోజు
లైన్‌మన్ సత్తెయ్య ఇనుప కడ్డీ తిప్పగానే
మూడో అంతస్తు నల్లా గురగురమని
దారమై కారుతుంది.
అచ్చం అట్లనే.

వాపు మందు అంటారు దీన్ని.
మోకాళ్లకని, నడుముకని రాస్తారు.
అది తలదాకా ఎక్కివచ్చి
అక్కడి వాల్వు కూడా బిగిస్తుందని
చీటీ మీద ఎవరూ రాయరు.

"నొప్పి పోయిందక్కా" అంటుంది,
నమ్మలేక తల అటూ ఇటూ తిప్పి చూసుకుంటూ.
"మరి ఆ చప్పుడెందుకు తగ్గింది?
లోపల ఎవరికన్నా నీళ్లు చాలట్లేదా?"

డాక్టరుగారిని అడగమన్నాను.
నిజానికి నాకూ తెలియదు,
రక్తం తగ్గినందుకే నొప్పి పోయిందో
పోతూ పోతూ నొప్పే
తలుపు దగ్గరికి వేసి పోయిందో.

అంకెలు నింపి, సంతకం పెట్టి
కిటికీలోంచి చూస్తే
ఆమె పంజాగుట్ట ఎండలో బస్సు కోసం పరిగెడుతోంది.
చెవి పక్కన జుట్టుకి
ఇంకా కొంచెం జెల్.
చెప్పడం మర్చిపోయాను.