సొరుగుల్లేని బల్లలు

కరకోల్‌లో మంచు ఇంకా కరగలేదు.
రాజధాని నుంచి కాగితం వచ్చింది:
జిల్లా రిజిస్ట్రీ ఆఫీసులకు నూట నలభై బల్లలు.
పొడవు ఇంత, ఎత్తు ఇంత,
రంగు ఏదైనా పరవాలేదు.
సొరుగులు మాత్రం ఉండకూడదు.

ముప్పై ఏళ్లుగా వడ్రంగిని.
సొరుగు వద్దన్నవాణ్ణి ఇదే చూడ్డం.
బల్లలో పనితనమంతా దానిదే:
వేలితో తోస్తే జారాలి,
మూస్తే ఊపిరి వదిలినంత చప్పుడు.

పాతవి విప్పడం కూడా నా పనే.
ఒక్కో సొరుగూ లాగి తిరగేశాను.
తుప్పుపట్టిన పిన్నులు, చాక్లెట్ రేకులు,
ఎవరిదో ఎర్ర పూస,
ఏ దరఖాస్తుకీ అంటుకోకుండా
మిగిలిపోయిన ఒక పాస్‌పోర్టు మొహం.
కొన్ని ఎంత లాగినా రాలేదు.
తడిస్తే చెక్క ఉబ్బుతుంది.
ఎన్ని చేతులు తడిపితే
ఒక సొరుగు ఇరుక్కుంటుందో
నా కొలబద్ద మీద గీత లేదు.

మూడో గదిలో, కిటికీ పక్కన, ఆగాను.
ఈ సొరుగు నాకు తెలుసు.
తమ్ముడు జోల్దోష్ గనిలో పోయిన ఏడాది
వాడు పోయాడని రాసివ్వడానికి
ఒక గొర్రె ఖరీదు అడిగింది.
నోటితో కాదు,
నాలుగు వేళ్లంత తెరుచుకుంది, అంతే.
నేను కిటికీలోంచి కొండల్ని చూశాను.
ఉమ్సునాయ్ కూడా అటే చూసింది.
చేతులు తమ పని తాము చూసుకున్నాయి.
ఇంటికొచ్చాక చూస్తే కాగితంలో
వాడి పేరు తప్పు.
దిద్దించలేదు.
రెండో గొర్రె లేదు.

ఇవాళ ఆమె నా పక్కనే నిలబడి
సంచిలోకి సర్దుకుంటోంది:
కళ్లద్దాలు, చక్కెర జబ్బు సూదులు,
సగం తిన్న రొట్టె, మనవడి ఒంటి చేతితొడుగు.
"ఇవెక్కడ పెట్టుకోను?" అంది,
నన్ను కాదు, గోడని.
"ఆ ఏడాది ఏడు నెలలు జీతం రాలేదు" అంది.
అది నన్నే.
నేను మేకు పీకుతూ ఉండిపోయాను.
క్షమించావా అని ఆమె అడగలేదు,
అడిగితే ఏం చెప్పేవాణ్ణో నాకూ తెలియదు.
సాయంత్రం, మిగిలిన ముక్కలతో
గోడకి ఒక అర కొట్టిపెట్టాను.
తలుపు లేదు, తాళం లేదు.
సూదులు వచ్చేపోయేవాళ్లందరికీ కనపడతాయి.
ఆమె తల ఊపింది.
రొట్టె మాత్రం సంచిలోనే ఉంచుకుంది.

బల్లలు పూర్తయిన రోజు కుబాన్‌బెక్ వచ్చాడు.
కొత్త కోటు. మెడలో సంస్కరణల శాఖ బిళ్ల.
ఒక్కో బల్లా నిమిరి, వంగి చూసి,
సొరుగు లేనందుకు మురిసిపోయాడు.
తర్వాత బిల్లు తీశాడు.
నూట ఎనభై బల్లలు.
"నాలుగు పిల్లని పెడితే ఎనిమిదే కదా,
సంతకం చెయ్యి, నీ వాటా నీకుంది" అన్నాడు.
మనసులో లెక్కేశాను: మూడు గొర్రెలు.
అతని కోటు జేబులూ లెక్కపెట్టాను, ఆరు.
జేబుల్లేని కోట్లు కుట్టమని
దర్జీలకు కాగితం ఇంకా రాలేదేమో.

రేపు చేస్తానన్నాను.

రెండు రాత్రులు, లాంతరు పట్టుకుని
ఒక్కో బల్ల కిందకీ దూరి
వెల్లకిలా పడుకుని
కాల్చిన మేకుతో రాశాను:
నూట నలభైలో ఒకటి.
నూట నలభైలో రెండు.
పొగ కళ్లలోకి, పొట్టు నోట్లోకి.
తొంభై దాటాక నడుము పట్టేసింది.
ఇన్నేళ్లకి బల్ల కింద
ఒక లెక్క సరిగ్గా జరిగింది.
ఆఖరి దాని కింద కాస్త జాగా మిగిలితే
జోల్దోష్ పేరు రాశాను,
ఒక్క అక్షరం కూడా తప్పు పోకుండా.

డబ్బు ఇంకా రాలేదు.
బిల్లు ఎక్కడో ఆగిందట.
ఏ సొరుగులో ఉందో చూడమందామంటే
సొరుగులు లేవు.