వాలుగ దవడ

పలాస పాసింజరు వెళ్ళిపోయాక
పొందూరు నేత సంఘం ఆఫీసులో మిగిలేది
నేనూ, కిర్రుమనే ఫ్యానూ,
వెనక్కొచ్చిన పదిహేడు మెయిళ్ళూ.

రాసింది కార్యదర్శి. సంతకం ఆయనదే.
నూట పన్నెండు మందికి పంచింది నేను.
పంచేటప్పుడు అడుగున ఒక్క వరస కలిపాను:
"సభ్యులకు మాత్రమే."
ఆ వరసతో సీలు చెదిరిందట.
"ఇది ఆయన సంతకం కాదు" అంటుంది
ఎక్కడో చల్లటి గదిలో కూచున్న కావలి,
మా కార్యదర్శి మొహం ఎన్నడూ చూడనిది.

కొన్ని వెనక్కీ రాలేదు, చేరనూ లేదు.
స్పామ్ బుట్టలో,
లాటరీ తగిలిందన్న వాడి పక్కన,
బట్టతల మీద జుట్టు మొలిపిస్తానన్న వాడి పక్కన
చేతులు కట్టుకుని నిలబడ్డాయి.
లాటరీ వాడి కాయితాలన్నీ
సక్రమంగానే ఉన్నాయి మరి.

వరండాలో తవిటమ్మ పత్తి ఏకుతోంది
వాలుగ చేప దవడతో.
నలుసు నేలకి, గింజ చేటలోకి,
తెల్లటి పోగు ఒళ్ళోకి.
"ఏటి బావూ, అలగయిపోనావు?"
చెప్పాను. పళ్ళు లేని నవ్వు.
"కొత్త దవడ మంచి పత్తినే కొరికీస్తాది.
సెయ్యి ఆడగా ఆడగా దానికి ఎరికవుద్ది."

నా కావలికి ఏ చెయ్యి ఆడాలో!

సింగుపురం కూర్మన్న మీటింగుకి రాలేదు.
పిలవలేదని అలిగాడు.
ఫోను చేశాను.
"స్పామ్‌లో చూడన్నా, ఉంటాను.
చెత్త కాదని ఒక్కసారి నొక్కు."
అవతల చాలాసేపు ఊపిరి చప్పుడు,
కళ్ళజోడు తుడుచుకుంటున్న చప్పుడు.
"ఇక్కడ శానామందున్నార్రా," అన్నాడు,
"ఇందల నువ్వెవుడివి?"