నాలుగో గోడ

మైకులో హోరు పడుతోందని
షువైఖ్ గోడౌన్‌లో ఏసీ ఆపేశారు.
మేకులు చెమటకు జారిపోతున్నాయి.
"దస్తగిరీ, ఇంకో గోడ కావాల" అన్నాడు ఫోర్‌మన్.

ఇంకో గోడా?
పద్దెనిమిదేళ్ళు నాటకాలకు ఇళ్ళు కట్టినోణ్ణి.
కడప జిల్లాలో ఏ తిరునాళ్ళలోనైనా
రాజు కొలువుకైనా, జైలు గదికైనా మూడే గోడలు.
నాలుగో పక్క జనం.
బీడీ నిప్పులు, పాలకేడ్చే పసిది,
పద్యం మొదలవకముందే వన్స్ మోర్ అనే తాగుబోతు.
ఆ ఇల్లు వాళ్ళనే ఆనుకుని నిలబడేది.

ఇదీ ఒకప్పుడు రెండు గంటల నాటకమేనంట.
ముత్యాలకు మునిగేవాడు మునిగే పోతే
వాడి పెళ్ళాం పడవ యజమాని పద్దు పుస్తకం ముందు
ఒక్క రాత్రి నిలబడి అడిగిన లెక్క.
ఇప్పుడు దాన్ని ముప్పై రాత్రులు చేస్తున్నారు,
రంజాన్ నెలలో, ఇఫ్తార్ అయినాక చూడ్డానికి.
అందుకని ఆమెకో చెల్లెలు పుట్టింది,
చెల్లెలికి ప్రేమ, యజమానికి పక్షవాతం.
మాటల్లో మాత్రమే ఉన్న రేవుకు
నిజం నీళ్ళు, రోజు బాడుగకు పడవ.

నలభై ఏళ్ళ కింద బద్రియమ్మే ఆ పెళ్ళాం.
ఇప్పుడు అత్త.
లెక్క అడిగే మాటలు మాత్రం ఆమెకే ఉంచారు,
ఐదు ఎపిసోడ్లకు ముక్కలు కోసి.

నోరు తెరిస్తే ఆమె గొంతు
చివరి వరస కుర్చీని వెతుక్కుంటూ పోతుంది.
"అమ్మా, మైకు మీ మెడలోనే ఉంది" అంటాడు ఫవాజ్,
మనవడి ఈడు డైరెక్టరు, మర్యాదగానే.
తగ్గిస్తుంది.
తగ్గిన గొంతులో మాట ఉంటుంది, లెక్క ఉండదు.

ఒకచోట ఆగుతుంది.
మరిచిపోయి కాదు,
జనం నవ్వుకోడానికి వదిలే జాగా అది.
మావాళ్ళు హార్మోనియానికి వదిలినట్టు.
గోడౌన్‌లో ఎవరూ నవ్వలేదు.
ఎడిటరు కోసేస్తాడులే అన్నారెవరో.

ఏడో టేకు అయినాక నా దగ్గరికొచ్చింది.
కొత్త గోడను తాకితే వేలికి పచ్చి రంగు అంటింది.
నా పదకొండేళ్ళ అరబ్బీకి అందేట్టు
చిన్న చిన్న మాటల్లో అడిగింది:
దీంట్లో ఒక పలక ఊడుతుందా?

నాలుగు మేకులు. ఊడింది.
ఆ సందులో, బోర్లించిన పెయింటు డబ్బా మీద
నన్ను కూర్చోమంది.

ఎనిమిదో టేకు.
"నీ కొడుకు తిన్న ఖర్జూరాలూ రాసున్నాయి ఇందులో."
"గింజలు పడవలోనే ఊశాడు గదా,
అవి తీసేసి చెప్పు."
ఆగింది.

మొదటి నెల జీతంలో
దుప్పటి ఖర్చు పట్టుకున్న నా కఫీల్ గుర్తొచ్చి
పక్కున నవ్వాను.

ఆ నవ్వు మీద కాలు మోపి
తర్వాతి మాట ఎక్కింది ఆమె, గొంతు పెంచకుండానే.
కట్ చెప్పడం మరిచాడు ఫవాజ్.

నీ నవ్వు తుడిచేస్తానన్నాడు సౌండు పిల్లోడు.
తుడువు అన్నాను,
ఆమె ఆగింది మాత్రం అట్లే ఉండనీ.

పొద్దున ఆ గోడ వైపే షాట్. పలక బిగించాల.
ఇంకా పద్దెనిమిది ఎపిసోడ్లున్నాయి,
మేకులు సగమే దించాను.