తుడిచేదాన్ని, నాకేం తెలుసు

నరీన్ పట్నంలో ఈ బడి నేల
పంతొమ్మిదేళ్లుగా నా చేతి కిందే తడిసి ఆరింది.
తెల్లారకముందే బొగ్గు మోసి పొయ్యి రాజేస్తాను.
సాయంత్రం బల్లల కింద
పెన్సిలు పొట్టూ, పొద్దుతిరుగుడు గింజల పొట్టూ ఊడుస్తాను.
ఏటా చలి ముదిరాక కాలేజీ నుంచి
పంతులు పని నేర్చుకునేవాళ్లు వస్తారు,
మూడు నెలలుండి పోతారు.
వాళ్లెలాంటివాళ్లని
నన్నెవరూ అడగరు.

పోయినేడాది వచ్చిన తలాయ్‌ది కంచు గొంతు.
వరండా చివర నిలబడ్డ నాకే పాఠం వచ్చేసేది.
అందరూ వెళ్లాక చూస్తే
చివరి బల్ల మీద గోటితో గీసిన గుర్రాలు,
రోజుకొకటి,
నెల తిరిగేసరికి మంద.
ఒక్కదాన్నీ చూడలేదతను.

ఈ ఏడు ఐజిరెక్ వచ్చింది.
గట్టిగా గాలి వీస్తే ఎగిరిపోయేలా ఉంది.
మొదటి రోజు, నా పొయ్యి ఇంకా పొగలోనే ఉండగా,
ఖాళీ బల్లలకు సలాం చెప్పుకుంటోంది.
ముందు వరసకి.
మధ్య వరసకి.
చివరి వరస దగ్గరికొచ్చేసరికి గొంతు పెగల్లేదు.
తలుపు దగ్గర బకెట్‌తో నన్ను చూసి
"ఎజెకే, అక్కడిదాకా వినబడిందా?" అంది.
లేదన్నాను.
మొహం ముడుచుకోలేదు.
మళ్లీ చెప్పింది.

ఇంకోరోజు నుర్దోలోత్ లేచి
ఇంత చలిలో నది ఎందుకు పొగలు కక్కుతుందని అడిగాడు.
"నాకు తెలీదు. రేపు చెప్తాను."
పిల్లలు కిసుక్కుమన్నారు.
వెనకాల కూర్చున్న బురుల్ ఎజె
పుస్తకంలో ఏదో బరబరా రాసుకుంది.
మర్నాడు నా పొయ్యి పక్కన
ఆడపిల్ల బూట్లు, మంచు గట్టిన మేజోళ్లు,
నూలుదారం కట్టిన థర్మామీటరు.
చీకటితోనే నదిలోకి దించి చూసొచ్చిందట.
"గాలికంటే నీళ్లే వెచ్చన. నాకు సగమే అర్థమైంది,
మిగతా సగం రండి చూద్దాం" అంది.
ఈసారి ఎవరూ నవ్వలేదు.

బంగారుబొమ్మేమీ కాదు.
ఒకసారి సెజిమ్ బల్ల మీద తల వాల్చి నిద్రపోతుంటే
డస్టరుతో బల్ల మీద కొట్టి అరిచింది.
ఆ చప్పుడుకి నా చేతిలో తుడుపుగుడ్డ జారింది.
ఆ పిల్ల ఆవుల పాలు పితికి
ఆరు కిలోమీటర్లు గుర్రం మీద వస్తుందని
సాయంత్రం నేనే చెప్పాను.
ఏమీ మాట్లాడలేదు.
టీ చల్లారిపోయేదాకా గ్లాసు పట్టుకునే కూర్చుంది.
పొద్దున అందరి ముందూ
"సెజిమ్, నిన్న తప్పు నాది" అంది.
హెడ్‌మాస్టరు పిలిచి మందలించాడు:
అలాగైతే నెత్తికెక్కి కూర్చుంటారని.
ఎవరూ ఎక్కలేదు.
సెజిమ్ ఆ రోజూ నిద్రపోయింది,
ఈసారి పొయ్యి పక్కన.

నిన్నటికి మూడు నెలలు.
స్టాఫ్ రూములో బురుల్ ఎజె
కాలేజీ కాగితం ముందేసుకుని, కలం నోట్లో పెట్టుకుని
కిటికీలోంచి చూస్తోంది.
ఎన్ని మార్కులేస్తుందో నాకేం తెలుసు.
నాకు తెలిసింది బోర్డు.
పోయిన సోమవారం దాని మూల
నుర్దోలోత్ సగంలో వదిలేసిన లెక్క,
పక్కన చిన్న అక్షరాలు:
"ఎజెకే, ఇది తుడవకండి. రేపు పూర్తిచేస్తాడు."
రేపు కాలేదు.
ఎల్లుండీ కాలేదు.
నాలుగు రోజులు దాని చుట్టూతానే తుడిచాను,
ఇల్లు అలికేటప్పుడు పసివాడు పడుకున్న చోటు వదిలినట్టు.

అయిదోరోజు, ఎవరూ లేనప్పుడు,
సుద్దముక్క నేను తీసుకున్నాను.
ఏడో తరగతిలో బడి మానేసినదాన్ని.
వాడి లెక్క వాడికే ఉంచి
కింద, బోర్డు అంచున, చిన్నగా చేశాను.
సరిగ్గా వచ్చిందో లేదో.
ఐజిరెక్ బస్సు మధ్యాహ్నం.
వెళ్లేలోపు అడగాలి.
ఆ పిల్లనైతే
అడగొచ్చు.