ఒత్తు లేని మాటలు

డాబాగార్డెన్స్‌లో పద్దెనిమిది వందలకి కొన్నాను,
సబ్బుపెట్టెకి కాస్త పెద్దది, నల్లది.
పక్కన ఒక చిల్లు తుప్పు పట్టింది.
ఈ ఊళ్లో సముద్రం ఇంట్లోకి రాదు గాని
దాని ఉప్పు వస్తుంది.
కొట్టువాడు చొక్కా అంచుతో తుడిచి
"పన్చేస్తాదమ్మా, పోతే అట్టుకొచ్చీండి" అన్నాడు.

మేడమీద అద్దెకున్న లెంక వారి కుర్రాడి కంప్యూటర్లో
సినిమాలున్నాయి, లెక్కలేనన్ని.
అక్కణ్ణించి నీలం తీగ ఒకటి
వెంటిలేటర్‌లో దూరి, బట్టలారేసే తాడు పక్కనే నడిచి,
మా టీవీ వెనక్కి దిగుతుంది.
మల్కాపురంలో మా ఇంటికి
ఇలా ఒక కొళాయి వచ్చింది, తిప్పితే బొమ్మలు.
రిఫైనరీ మంట కిటికీలో ఎర్రగా ఉన్న రాత్రుళ్లు
వేరే దీపం వేసుకోం.

ముత్యాలికి వినబడదు.
షిప్‌యార్డులో ముప్పై ఒక్కేళ్లు ఇనప రేకుల మీద సుత్తి.
ఓడలన్నీ నీళ్లలోకి వెళ్లిపోయాయి,
మోత మాత్రం ఇతని చెవిలో లంగరేసింది.
ఇప్పుడు సైరన్ కూత కూడా
నా మొహం చూసి తెలుసుకుంటాడు.

అందుకని రాస్తున్నాను.
మధ్యాహ్నం గిన్నెలు కడిగాక, మేడెక్కి,
ఎవరెప్పుడు నోరు తెరిచారో సెకన్లతో సహా,
మాటకి మాట, బొమ్మ కింద పడేలా.

మొదటి రాత్రే తెలిసింది డబ్బా సంగతి.
గుణింతం వరకు ఓర్చుకుంటుంది,
ఒత్తు వస్తే విరిచి పారేస్తుంది.
అతని పేరే రాసి చూశాను:
ము త్ యా లు.
తెగిన దండలా నాలుగు చోట్ల పడ్డాడు.

మున్సిపల్ బడిలో రెండో తరగతికి
ఇరవై రెండేళ్లు ఒత్తులు దిద్దించిన దాన్ని.
ఒత్తు మరిచిన పిల్లకి అర మార్కు కోసిన దాన్ని.
ఇప్పుడు నేనే ఒత్తు లేని మాటల కోసం
పూర్ణా మార్కెట్లో వంకాయలేరినట్టు ఏరుతున్నాను.
సముద్రం పనికిరాదు, కడలి.
వర్షం వద్దు, వాన.
పెళ్లికి మనువు, అన్నానికి కూడు,
నవ్వు విరిగిపోతుంది గనక నగవు.
ప్రేమ ఎలాగూ కుదరలేదు. హీరో వలపు అన్నాడు,
జీన్సు పాంటు వేసుకుని,
బైకు మీద.

అమ్మ దగ్గర ఆగిపోయాను, ఒక పూటంతా.
తల్లికీ ఒత్తే.
చివరికి రౌడీ ఒకడు కత్తిపోటుకి కూలుతూ
"జననీ" అని అరిచాడు.
ముత్యాలు కళ్లద్దాలు తీసి తుడుచుకుని
మళ్లీ పెట్టుకున్నాడు.
"వీడేటే, పూజారా?" అన్నాడు,
తన గొంతు తనకి తెలియక, వీధంతా వినబడేలా.

చప్పుళ్లు కూడా రాస్తాను.
తలుపు సడి. ఉరుము. గాజుల గలగల.
గాజుల గలగల అని పడగానే
తెరని వదిలేసి నా చేతుల వేపు చూస్తాడు.

అప్పట్నించి నాకూ చిలిపితనం పెరిగింది.
గంటా పది నిమిషాల దగ్గర
కథానాయిక కొండ ఎక్కుతుంటే, మాటలేం లేవు, కింద రాశాను:
"లేచి రా, చేప పులుసు వేడిగా ఉంది."
చదివాడు. ఆమెని చూశాడు, నన్ను చూశాడు.
కంచం దగ్గరికి వచ్చాడు.

మొన్న కుర్రాడు దిగొచ్చి
డబ్బా లోపల కొత్త అక్షరాలు వేస్తానన్నాడు,
ఒత్తులన్నీ అతుక్కుంటాయట.
సరే అన్నాను.
ముత్యాలు మళ్లీ ఒక మనిషయ్యాడు,
అమ్మ అమ్మయింది.
కడలిని మాత్రం మార్చొద్దన్నాడు ఇతను.
"ఆ మాటకి ఉప్పు తక్కువే, కళ్లకి హాయి."

ఒక లోపం ఉండిపోయింది.
అక్షరాలు మాటకన్నా
అర క్షణం ముందు పడతాయి.
జోకు నా చెవికి చేరేలోపు
ముత్యాలు నవ్వేస్తాడు.
ఇన్నేళ్లూ ప్రతిదీ నా తర్వాతే తెలిసినవాడు.

రిమోట్‌లో దీన్ని సరిచేసే బటన్ ఉందట, ఎడమ నుంచి మూడోది.
దానిమీద పోర్టు బొగ్గుపొడి పేరుకుంది.
తుడవలేదు.