మూడు పాయింట్ ఎనిమిది

కందుకూరు మునిసిపాలిటీ చేతిలో ఉన్న ఈ రోడ్డు
మూడు పాయింట్ ఎనిమిది కిలోమీటర్లు.
పొగాకు వేలం కేంద్రం దాటాక మొదలై
కంది చేల మధ్య ఒక్క వంపు తిరిగి
ఆర్ అండ్ బీ వాళ్ల తారులో కలుస్తుంది.
అక్కడ నలుపు కాస్త వెలుస్తుంది, అంతే.

దీనికి ఏటా రెండు డ్రమ్ముల తారు,
నాలుగు ట్రక్కుల చిప్స్,
మాలకొండయ్య.

సుబాబుల్ కర్ర ట్రాక్టర్లు
వెనక చక్రాలతో తవ్విపోయిందంతా
ఆయన గమేళాతో పూడుస్తాడు,
అరికాళ్లకు గోనెపట్టాలు చుట్టుకుని,
కాగే తారు పక్కన
వెలిగించని బీడీ పంటికింద పెట్టుకుని.
ఏ గుంత ఏ తుఫానుకి పుట్టిందో చెబుతాడు,
బర్రెల ఈతలు చెప్పినట్టు.

ఒకసారి మాకు జిల్లా మారింది.
బోర్డు మీద పేరు చెరిపి ఇంకో పేరు రాశారు.
రాసిన పెయింటర్ మోపెడ్
తిరిగి పోతా హద్దు గుంతలో పడింది.
డబ్బా ఒలికి, ఆ కాస్త మేర
రోడ్డు చాన్నాళ్లు పచ్చగా ఉండేది.

ఆ గుంత సగం మాది, సగం వాళ్లది.
"మన గీత దాకానే వెయ్యి" అన్నాను, ఎం-బుక్కు తెరిచి.
ఆయన పార ఆపలేదు.
"సగం గుంతలో బండి సగమే పడతదా సార్?"

రెండు గమేళాల కంకర ఎక్కువైంది.
ఎక్కడ చూపాలో తెలియక
"వానకు కొట్టుకుపోయినది" అని రాశాను.

ఆ ఏడు మాకు వానే లేదు.
ఆడిట్‌కి వచ్చినాయన ఆ లైను మీద వేలు పెట్టి
కిటికీలోంచి ఆకాశం చూశాడు.
పేజీ తిప్పాడు.