తరుగు

యశ్వంతపురం యార్డులో నాది కాటా పని.
ఇరవై ఏడేళ్లుగా
మూట ఎక్కుతుంది, ముల్లు ఊగుతుంది,
నేను అరుస్తాను, గుమాస్తా రాసుకుంటాడు.
ఎంత అరిచినా రాతలో ఒక కిలో తక్కువ.
తడి అని, మట్టి అని, గోతం బరువని.
దానికి మా బజారు పెట్టుకున్న పేరు తరుగు.

వెల్లుల్లి షావుకారు కెంపణ్ణ కూతురు
టీ కప్పులో పట్టే కుక్క కావాలంది.
నలభై వేలు పోసి తెచ్చారు,
కప్పులో కూర్చోబెట్టి ఫోటో తీసుకున్నారు.
నెల తిరిగేసరికి కప్పు పగిలింది,
కుక్క గోడౌనుకి వచ్చింది,
"నీ దగ్గరే పడుండనీ పెన్నోబులేసూ" అని.

దాని ఇంగ్లీషు పేరు నా నోటికి పట్టలేదు.
గసాలు అని పిలిచాను.
మా కాటా మీద నిలబెడితే
ఈగ వాలినంతైనా కదల్లేదు ముల్లు.
హమాలీలు గోతాల మీద పడి నవ్వారు.
నసీమా ఆపా జీలకర్ర కొట్లో తూచాం:
కిలో మూడు వందల ఎనభై.

మత్తికెరె ఆసుపత్రిలో డాక్టరమ్మ అంది:
మెడకి పట్టీ వద్దు, ఛాతీకి కట్టు,
దీని గొంతు గొట్టం బొప్పాయాకు కాడ, లాగితే నొక్కుకుపోతుంది.
మంచం మీంచి దూకనివ్వకు, మోకాటి చిప్ప జారుతుంది.
నాలుగ్గంటలకోసారి తిండి.
వారానికోసారి తూకం.
వంద గ్రాములు తగ్గితే పరిగెత్తుకు రా.

వంద గ్రాములా?
సాయంత్రానికి నా చేతులకంటిన మట్టే అంతుంటుంది.

మంచం కాళ్లు కోసేశాను.
నా స్వెట్టర్ చెయ్యి కత్తిరించి డిసెంబరు చలికి తొడిగాను.
చంటిపిల్లల వేలిబ్రష్షుతో పళ్లు తోమబోతే
నూకల్లాంటి ఆ పళ్లతో నా వేలే కొరికింది.
యార్డు మీద గద్దలు తిరుగుతాయి.
ఇన్నేళ్లలో వాటికేసి తలెత్తి చూడలేదు,
ఇప్పుడు నేల మీద నీడ కదిలితే చాలు
గసాలుని చొక్కాలో వేసుకుంటాను.

ఆయుధపూజ ముందటి రాత్రి
కర్నూలు ఉల్లి లారీలు పదకొండు.
లెక్కలో పడి మరిచాను.
రెండింటికి గదికెళ్తే
గోడవైపు తిరిగి వణుకుతోంది.
కాళ్లు పుల్లలు. చిగుళ్లు సున్నం.
పిలిస్తే చెవి కదల్లేదు.

గోడౌను నిండా బెల్లం దిమ్మెలు.
ఒకటి గడపకేసి కొట్టాను,
షావుకారు సరుకే, లెక్క రాయలేదు.
గోరువెచ్చటి నీళ్లలో కరిగించి
చిగుళ్లకి రాస్తూ కూర్చున్నాను,
మూటకి కొక్కెం వేసి ఈడ్చే వేలితో,
ఎంత మెల్లగా రాయాలో దానికేం తెలుసు?
రాస్తూ రాస్తూ నేర్చుకుంది.

తెల్లవారుజామున
దాని నాలుక నా వేలిని వెతుక్కుంది.

డాక్టరమ్మ ఒక సూది వేసింది, నన్ను నాలుగు తిట్టింది.
ఆపా కొట్టు తెరిచేదాకా మెట్ల మీదే ఉన్నాను.
కిలో రెండు వందల అరవై.
నూట ఇరవై గ్రాముల తరుగు.

పండగ వెళ్లాక యార్డు తెరిచారు.
మొదటి మూట పావగడ రైతుది.
తలపాగాలో బస్సు టికెట్టు దోపుకున్నాడు,
ముల్లుకేసి కాదు, నా నోటికేసి చూస్తున్నాడు.
"యాభై రెండూ ఆరు వందలు!"
గుమాస్తా యాభై ఒకటిన్నర రాయబోయాడు.
"ఆరు వందలు" అన్నాను మళ్లీ.
కలం ఆగింది. గద్దె మీద కెంపణ్ణ కళ్లజోడు పైకి తోసుకున్నాడు.

ఆ ఒక్క మూటకే.
తర్వాతిదానికి నోరు లేవలేదు.
కెంపణ్ణకి బాకీ ఉన్నాను,
బెల్లం దిమ్మె సంగతీ ఉంది.

చొక్కాలో గసాలు మెదిలింది.
ఎనిమిదయింది.
ఉడికిన కోడిముక్క పొట్లం విప్పి
ఈనెలు తీస్తున్నట్టు చీల్చి, ఊది, ఒక్కో పోగూ అందిస్తున్నాను.
"పెన్నోబులేసూ, మూట!" అని అరుస్తున్నారు.

కాటా మీద మూట ఆగింది.
ఆగనీ.